కూతల లెక్క

ఆ ఏడు మా మామయ్యగారు ఫోన్లు చేసి చేసి మా ప్రాణాలు తోడేశారు. నేను గడ్డి కోసే యంత్రాల బ్లేడ్లకు సాన పట్టే షాపు నడుపుతాను. సానరాయి తిరుగుతున్నంతసేపూ కళ్ళకు అద్దాలు, చెవులకు మూతలు, చేతులకు తోలు తొడుగులు ఉంటాయి. ఫోను మోగిందంటే మోటారు ఆపాలి, తొడుగులు ఊడదియ్యాలి, చేతి నూనె తుడుచుకోవాలి. ఇంతా చేసి ఎత్తితే, ఏం లేదమ్మాయీ, ఊరికే చేశాను అంటారు. ఎక్కడినుంచి చేస్తున్నారయ్యా మహానుభావా అంటే, షాపు వెనక గదిలోంచి. మాకూ ఆయనకూ మధ్య ఉన్నది ఒక్క గోడ. నాకసలే ముక్కు మీద కోపం. ఆ గోడ కేసి చూసి పళ్ళు నూరుకుని మళ్ళీ తొడుగులు తొడుక్కునేదాన్ని.

మా అత్తయ్య అంతకు ముందు చలికాలంలో పోయింది. ఆవిడ ఉన్నన్నాళ్ళూ మామయ్యగారు నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉండేవారు. ఆవిడ పోయాక నోటికి తాళం తీసేశారు. టీ కొట్టు దగ్గర ఆగుతారు, పోస్టుమాన్‌ని ఆపుతారు, మా ఆయనకు పనిలో ఉండగా ఫోను చేసి వాన వస్తుందేమో చూడమంటారు. చూసినవాళ్ళందరూ పోనీలెండి, మనిషి కోలుకున్నాడు, గలగలా మాట్లాడుతున్నాడు అన్నారు. మా ఆయన నమ్మాడు. నేనూ నమ్మాను. నమ్మితే మనకే సుఖం కదా.

ఆయన పని కౌజు పిట్టల్ని లెక్కపెట్టడం. అడవుల ఆఫీసులో ఉద్యోగం అయిపోయి చాలాకాలమైనా, ఎండలు ముదరక ముందు ఆఫీసువాళ్ళు ఆయన్నే పిలుస్తారు. ఊరికి పైన పెద్ద మెట్ట బీడు ఉంది, నడుములోతు గడ్డి. కౌజులు అందులోనే నేల మీద గూడు పెట్టుకుంటాయి. కంటికి కనపడవు, చెవికే దొరుకుతాయి. తెల్లారగట్ల పుంజులు కూస్తాయి. బీడులో అక్కడక్కడా సున్నం కొట్టిన రాళ్ళున్నాయి. రాయి దగ్గర నిలబడి, ఎన్ని దిక్కుల నుంచి ఎన్ని గొంతులు వినపడ్డాయో రాసుకుని, తర్వాతి రాయి దగ్గరికి నడవాలి. ఒకే పుంజు చోటు మారి కూసిందా, ఇంకోటి కూసిందా అన్నది గొంతును బట్టి చెప్పగలిగిన చెవులు మా మామయ్యగారివి. ఆ చెవులతోనే, నేను గోడ ఇవతల ఏమని విసుక్కున్నానో కూడా వినేవారు, అది వేరే సంగతి.

ఆ ఏడు లెక్క మీద ఒక పెద్ద విషయం ఆధారపడి ఉంది. బీడులో గడ్డి కోసుకునే హక్కు పాల సంఘానిది. గింజ పట్టకముందు కోస్తే గడ్డి మెత్తగా ఉంటుంది, ఆవులు ఇష్టంగా తింటాయి, పాలు చిక్కగా వస్తాయి. అందుకని రెండేళ్ళుగా కోత ముందుకు జరుపుతూ వచ్చారు. ఆ ముందుకు జరిపిన రోజులు సరిగ్గా కౌజు పెట్టలు గుడ్ల మీద కూర్చునే రోజులు. ఆఫీసు ఒక షరతు పెట్టింది. పిట్టలు బాగా ఉన్నాయని లెక్క తేలితే కోత వెంటనే మొదలెట్టుకోవచ్చు. తగ్గాయని తేలితే పిల్లలు గూడు విడిచి నడిచేదాకా ఆగాలి. ఏ మాటైనా మామయ్యగారు చెప్పి సంతకం పెట్టాలి.

ఆయన లెక్క ముగించుకుని దిగివచ్చిన రోజు నాకు బాగా గుర్తు. మొహం వెలిగిపోతోంది. ప్యాంటు మోకాళ్ళ దాకా మంచుకు తడిసిపోయింది, దాని ధ్యాసే లేదు. తను లెక్కపెట్టడం మొదలెట్టిన దగ్గర్నుంచీ ఇన్ని కూతలు ఎప్పుడూ వినలేదట. ఒక రాయి దగ్గర గొంతులు ఒకదాని మీద ఒకటి పడి, విడదీయలేక తల పట్టుకున్నారట. అత్తయ్య పోయాక ఆయన కడుపునిండా తినడం చూసింది ఆ పూటే. మా ఆయన నాకేసి చూసి కళ్ళతోనే నవ్వాడు. నాకూ ప్రాణం తేలికపడింది.

వార్త తెలిశాక టీ కొట్టు దగ్గర అందరూ ఆ గొప్పలో వాటా అడగడం మొదలెట్టారు. వేటగాళ్ళ సంఘంవాళ్ళు, మేం తుపాకులు దించాం కాబట్టే పెరిగాయన్నారు. నక్కలకు బోన్లు పెట్టినాయన, బోన్ల చలవే అన్నాడు. గుడ్లు పొదిగే వేళకు వాన పడలేదు కదా అని ఒకరు, పైచేలల్లో పురుగుమందు మానేశారు కాబట్టి పిట్టపిల్లలకు పురుగులు దొరికాయని ఇంకొకరు. పాల సంఘం ప్రెసిడెంటు, మేమంతా వెనకాల మీగడాయన అంటాం, అందరికీ తన ఖర్చున టీ ఇప్పించాడు. ఆయన జేబులోంచి రూపాయి రాలడం చూడ్డానికైనా కౌజులు ఏటా పెరగాలని నేనన్నాను. ఆయనా నవ్వాడు, మనిషి చెడ్డవాడేం కాదు.

నవ్వనిది ఒక్క ఆఫీసరమ్మే. అడవుల ఆఫీసుకు కొత్తగా వచ్చిన పిల్ల, మెల్లగా మాట్లాడుతుంది, బూట్లకు ఎప్పుడూ బురద. ఒకరోజు జీపు కింద కడ్డీ ఏదో వంగిందని షాపుకొచ్చింది. కడ్డీ సంగతి ఒక్క నిమిషంలో తేలిపోయింది, అమ్మాయి మాత్రం కదలదు. ఏమిటమ్మా అంటే అప్పుడు చెప్పింది. పుంజులు తెల్లారగట్ల కూసి ఎండెక్కేసరికి మానెయ్యాలి. ఈ ఏడు మిట్టమధ్యాహ్నం కూడా కూస్తున్నాయి. తను ఇద్దరు మనుషులతో పొడుగాటి తాడు గడ్డి మీద ఈడ్పించుకుంటూ బీడంతా నడిచిందట, గూళ్ళ మీంచి పెట్టలు లేస్తాయేమోనని. లేచినవి బహు కొద్ది. ఇన్ని కూతలకు అన్ని గూళ్ళుండాలి కదండీ అంది. మామయ్యగారితో ఒక్కసారి కూర్చుని మాట్లాడాలనుకుంది.

ఆయన ఒంటికాలి మీద లేచారు. నా అనుభవమంత లేదు నీ వయసు అనలేదు కానీ, అన్నంత పని చేశారు. తాడుకి తెలుస్తుందా చెవికి తెలుస్తుందా అని అడిగారు. ఆ పిల్ల జీపెక్కి వెళ్ళిపోయింది. నేను మా ఇంటి మనిషి పక్షమే నిలిచాను. పైగా ఆ పిల్ల మీద కోపమొచ్చింది కూడా. ఇన్నాళ్ళకు ముసలాయనకు ఒక సంతోషం దొరికితే, దాన్ని కూడా లాక్కోవాలా అనిపించింది.

ఆ వారమే పాల సంఘం తన సొంత పొలాల్లో కోత మొదలెట్టింది. అవి బీడుకు దిగువన, వాటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. బ్లేడ్లు మొండిబారి నా దగ్గరికొచ్చాయి. సాన పట్టేముందు బ్లేడుకి అంటుకున్న ఎండుగడ్డి, మట్టి గీకాలి. గీకుతుంటే అడుగున ఈకలు. సన్న సన్న చారలున్న గోధుమరంగు ఈకలు, వాటితోపాటు గుడ్డు పెంకు ముక్క, ఇంకా తడిగా. రెండో బ్లేడుకి కూడా అదే. మోటారు ఆపేసి, గుడ్డలో పెట్టుకుని వెనక గదికి వెళ్ళాను.

మామయ్యగారు మంచం మీద కూర్చుని ఫోనులో ఎవరితోనో మాట్లాడుతున్నారు. గుడ్డ విప్పగానే ఫోను పక్కన పెట్టేశారు, అవతలి మనిషి హలో హలో అంటూనే ఉన్నాడు. ఈకను వేలి మీద పెట్టుకుని కిటికీ దగ్గర చూశారు. పెట్టది అన్నారు. రెండోది చూశారు. ఇదీ పెట్టదే. మూడోది చూడలేదు.

నేను ఉన్నది ఉన్నట్టు అడిగేశాను, యంత్రం వస్తుంటే ఆ చప్పుడుకి ఎగిరిపోవచ్చు కదా, రెక్కలున్నాయి కదా అని. గుడ్ల మీదున్న పెట్ట లేవదట. చప్పుడైన కొద్దీ ఇంకా నేలకు అతుక్కుంటుందట. అతుక్కుంటే ఎవరికీ కనపడనని దాని నమ్మకం. నక్క దగ్గర ఆ నమ్మకం పనిచేస్తుంది, బ్లేడు దగ్గర చెయ్యదు. మరి పుంజు? పుంజు గూట్లో కూర్చోదు, దూరంగా రాయెక్కి కూస్తుంది, దానికేం కాదు. ఆ మాట నోట్లోంచి వచ్చాక ఆయన ఈకల్ని మళ్ళీ గుడ్డలో మూటగట్టారు. తర్వాత, పొద్దెక్కాక ఒకసారి బీడు మీదికి తీసుకెళ్తావా అమ్మాయీ అని అడిగారు. పొద్దెక్కాక ఆయన బీడు మీదికి వెళ్ళడం నేనెరగను. ఆయన పని తెల్లారగట్లదే.

షాపు మూసి, వ్యాను తీసి తీసుకెళ్ళాను. నెత్తి మాడుతోంది. గడ్డి మీద గాలి వేడిగా వీస్తోంది. నిజంగానే పుంజులు కూస్తున్నాయి. ఒకటి కూస్తుంది, ఆగుతుంది, మళ్ళీ కూస్తుంది. నా చెవులకే అన్ని వినపడితే ఆయన చెవులకు ఎన్ని వినపడుతున్నాయో. బాగా దగ్గర్లో ఒక పుంజు రాయి మీద నిలబడి మెడ సాచి కూస్తోంది. దాని గొంతు బొంగురుపోయింది.

మామయ్యగారు గడ్డిలో బోర్లా పడుకున్నారు, ఆ వయసులో. నన్నూ పడుకోమన్నారు. రెండు చేతులూ దొప్పలా చేసి నోటికి ఆనించుకున్నారు. ఆయన నోటినుంచి సన్నగా, మెత్తగా ఒక కూత వచ్చింది. పెట్ట జవాబు చెప్పే కూత అది. ఆ విద్య ఆయనకుందని నాకు తెలుసు కానీ, గూళ్ళ కాలంలో వాడగా చూడలేదు.

రాయి మీది పుంజు నోరు మూసుకుంది. చుట్టుపక్కల కూతలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. గడ్డి కదిలింది. ఒక పుంజు పరుగెత్తుకొచ్చింది, రెక్కలు నేలకు రాసుకుంటూ. దాని వెనక ఇంకోటి. అటునుంచి ఒకటి, ఇటునుంచి రెండు. ఇంకా వస్తూనే ఉన్నాయి. వచ్చి మా ఎదురుగా ఖాళీ జాగాలో నిలబడ్డాయి. మామూలుగా రెండు పుంజులు ఎదురుపడితే కొట్టుకు చస్తాయి. ఇవి కొట్టుకోలేదు. మెడలు ఎత్తి అటూ ఇటూ చూస్తున్నాయి. పెట్ట ఏదీ అని చూస్తున్నాయి.

ఇంకోసారి పిలుస్తారేమో అనుకున్నాను. ఆయన చేతులు దించేశారు.

"ఇంక పిలవనమ్మా. పాపం, నమ్మి వచ్చేశాయి."

పిట్టలు కాసేపు తచ్చాడి ఎవరి దారిన అవి పోయాయి. మేం లేచేసరికి మళ్ళీ కూతలు మొదలయ్యాయి. నాకు ఆ పిట్టల మీద, పాల సంఘం మీద, ఆఫీసు మీద, అందరి మీదా కోపం వచ్చింది. ఎవరినైనా దులిపెయ్యాలనిపించింది. దులపడానికి అక్కడ ఎవరూ లేరు. ఆయన చెయ్యి పట్టుకుని వ్యాను దాకా నడిపించుకొచ్చాను.

లెక్క మీద సంతకం పెట్టే మీటింగు దాకా ఆయన ఒక్క ఫోనూ చెయ్యలేదు. నేను పని చేసుకోవచ్చు, సంతోషించాలి. సానరాయి మధ్యలో ఆపి వెనక గది తలుపు దగ్గరికి వెళ్ళి చెవి పెట్టి వినేదాన్ని. మా ఆయన కూడా పనిలోంచి ఫోను చేసి నాన్న ఎలా ఉన్నాడని అడిగాడు. ఆయన కుర్చీ కిటికీ వైపు తిప్పుకుని కూర్చుంటున్నారని చెప్పాను. లెక్క మార్చి చెప్పాలంటే, ఊరందరి ముందు తన చెవులు తప్పని ఒప్పుకోవాలి. దానికి ఆయన వెనకాడరని నాకు తెలుసు. ఆయన్ని తినేస్తున్నది అది కాదు. పిట్టలు తిరిగొచ్చాయన్న సంతోషం పోయింది. ఆ ఏడు ఆయనకు ఉన్నది అదొక్కటే.

మీటింగు పాల సంఘం హాల్లో. మడత కుర్చీలు, గోడకు ఆవుల ఫోటోలు, మూలన పాల డబ్బాల వాసన. మీగడాయన కాగితం చదివాడు, కూతల లెక్క ఎన్నడూ లేనంత బాగుంది, కోత రేపే మొదలు అన్నాడు. నాలుగు చప్పట్లు మోగాయి. కాగితం, కలం మామయ్యగారి ముందు పెట్టారు. ఆయన కలం పక్కకు నెట్టారు.

కూతలు ఎక్కువే కానీ పిట్టలు తక్కువ అని చెప్పారు. కూసేవన్నీ జత దొరక్క పిలుస్తున్న ఒంటరి పుంజులని, పెట్టలు రెండేళ్ళుగా గూళ్ళ మీదే కోతకు పోయాయని, ఇప్పుడు మిగిలిన కొద్ది పెట్టలూ ఈ క్షణాన గుడ్ల మీద కూర్చుని ఉన్నాయని చెప్పారు. రేపు కోస్తే అవీ ఉండవు. హాలులో గుసగుసలు. మీగడాయన బుర్ర గోక్కున్నాడు. కుండలు కొద్దీ పాలు తగ్గితే ఇళ్ళు ఎలా గడవాలి అన్నాడు, అదీ నిజమే. తర్వాత, వాటికి పెళ్ళాలు లేరని మీకెలా తెలుసండీ, వెళ్ళి అడిగారా అన్నాడు. అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండి లేవబోయాను. మామయ్యగారు చేత్తో ఆపారు.

"అడగక్కర్లేదు ప్రెసిడెంటుగారూ. నేను ఇంట్లోకి అడుగుపెడుతూ ఏమోయ్ అనేవాణ్ణి. మా ఆవిడ ఎక్కడున్నా, ఆఁ అనేది. అంతే. ఇంక ఆ రోజంతా నాకు ఎవరినీ పిలవాల్సిన పనుండేది కాదు. ఆవిడ పోయాక పొద్దున లేస్తే మీ అందరికీ ఫోన్లు చేస్తున్నాను. మీ పనులు చెడగొడుతున్నానని నాకు తెలుసు. ఆఁ అని ఒక్కరు అంటారేమోనని చేస్తాను. మీరేమో ముసలాడు హుషారుగా ఉన్నాడనుకున్నారు. నేను కూడా ఆ పిట్టల్ని విని హుషారుగా ఉన్నాయనే అనుకున్నాను."

ఒక్క గోడ అవతల ఆయన అన్నాళ్ళూ అడిగింది ఆఁ అన్న ఒక్క మాట.

ఆయన ఆఫీసరమ్మ వైపు తిరిగారు. ఈ అమ్మాయి ముందే చెప్పింది, వినడమే నా పని, అయినా వినలేదు, ఏమనుకోకమ్మా అన్నారు. ఆ పిల్ల కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ లేచి, మధ్యాహ్నపు కూతల సంగతి, తాడు సంగతి అందరికీ అర్థమయ్యేలా చెప్పింది. మీగడాయన చాలాసేపు ఆవుల ఫోటోల వైపే చూస్తూ కూర్చున్నాడు. చివరికి, సరే, పిల్లలు నడిచాకే కోద్దాం, గడ్డి ముదిరితే ముదిరింది అన్నాడు. ఒక్క మాట కూడా చేర్చాడు, ఆవులకు మాత్రం మీరే వచ్చి నచ్చజెప్పండి అని.

ఆవులకు నచ్చలేదు. ముదురు గడ్డి చూసి మూతి తిప్పుకున్నాయి. చలికాలమంతా మీగడాయన నాకు ఎదురుపడ్డప్పుడల్లా, మీ మామయ్యగారి కౌజులు నా పాలు తాగేస్తున్నాయి అని దెప్పాడు. దెప్పుతూనే, దిగువ పొలాల్లో కోత కూడా మధ్యలోంచి అంచులకు కొయ్యమని డ్రైవర్లకు చెప్పాడట, పిట్టలు పక్కకు తప్పుకోవడానికి దారి ఉండేలా. ఇది ఆయన నోటితో చెప్పలేదు, డ్రైవర్లు చెప్పారు.

మళ్ళీ లెక్క కాలం వచ్చింది. అప్పటికి తెల్లారగట్ల మామయ్యగారితో వెళ్ళడం నాకు అలవాటైంది. ఆఫీసరమ్మ జీపులో వచ్చింది. మొదటి రాయి దగ్గర ముగ్గురం నిలబడ్డాం. గాలి లేదు. అటు ఒక కూత, చాలాసేపటికి ఇటు ఒకటి. అంతే. ఒక్క ఏడు కోత ఆపితే ఇంతేనా, అన్నీ పోయాయా అనుకున్నాను. ఆఫీసరమ్మ మొహం పాలిపోయింది. నేను మామయ్యగారి వైపు చూడ్డానికే భయపడ్డాను.

ఆయన వేలెత్తి, ష్ అన్నారు. రాయికి ఎగువన గడ్డిలో ఒక పుంజు కూసింది, ఒక్కసారే. దాని పక్కనుంచే సన్నగా, మెత్తగా జవాబు వచ్చింది. ఆ కూత నేను గుర్తుపట్టాను. ఈసారి అది మనిషి నోటిది కాదు. పుంజు మళ్ళీ కూయలేదు. మేం ఎంతసేపు నిలబడ్డా కూయలేదు.

మామయ్యగారి చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, మొహం మాత్రం నవ్వుతోంది. దానికి ఇంక అరవాల్సిన పని లేదమ్మాయీ అన్నారు. ఆ మాటకు నేను తట్టుకోలేకపోయాను. ఎప్పుడూ కోపమే తప్ప ఏడుపు ఎరగని దాన్ని, ఆ బీడు మీద నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు.

"మెల్లగా ఏడువమ్మా. పెట్ట గుడ్ల మీద ఉంది."